ముప్పై అడుగుల గడ్డివాము: ఒక బీవర్‌స్లైడ్ డైరీ

మే ఆఖరు

పని ఖాయమైంది. కంచె పక్కన ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడుస్తున్న బీవర్‌స్లైడ్‌ను, అంటే గడ్డిని పైకి ఎత్తి వాము వేసే కర్ర యంత్రాన్ని, బాగుచేసి, ఈ వేసవిలో దానితోనే గడ్డివాములు వేయాలి. ఎవరికో చూపించడానికి కాదు. ఆ గడ్డినే చలికాలమంతా ఆవులు తినాలి. అందుకే ఈ పని ఒప్పుకున్నాను. వాడుకలో లేని యంత్రానికి రంగులు వేసి నిలబెట్టడం మీద నాకు ఆసక్తి లేదు.

చోటు అమెరికాలో మోంటానా రాష్ట్రం నైరుతి మూలన ఉన్న బిగ్ హోల్ లోయ. విజ్డమ్, జాక్సన్ అనే రెండు చిన్న ఊళ్లు, మధ్యలో బిగ్ హోల్ నది, చుట్టూ కొండలు. లోయ నేలే సముద్రమట్టానికి ఆరు వేల అడుగులకు పైన ఉంది. నీళ్లు గడ్డకట్టేంత చలి ఏ నెలలోనైనా ఒక రాత్రి దిగిపోవచ్చు. ఇలాంటి చోట నమ్ముకోదగిన పంట గడ్డి ఒక్కటే, అదీ ఏడాదికి ఒక్క కోత. ఆ ఒక్క కోతతోనే డిసెంబరు నుంచి మే దాకా మందను సాకాలి. అందుకే ఇక్కడ వామును ఇంత ఎత్తున వేయడం నేర్చుకున్నారు. ‘పదివేల గడ్డివాముల లోయ’ అని ఈ ప్రాంతానికి పేరు వచ్చింది కూడా అందువల్లే.

నేను ఉండేది బ్యూట్ పట్టణంలో. యంత్రాల పనే నా వృత్తి. పని జరిగేది ఒక రాంచ్‌లో, అంటే పశువులను పెంచే పెద్ద కమతంలో. ఆ రాంచ్ పెద్దాయనకు ఎనభై దాటాయి. కుర్రతనం నుంచి వాము మీద నిలబడి గడ్డి సర్దిన మనిషి. మందనూ లెక్కలనూ ఇప్పుడు ఆయన కూతురు చూసుకుంటున్నారు. నల్ల ఆంగస్ ఆవులు, చలికాలపు మేతకు రెండు బెల్జియన్ గుర్రాలు. మేత బండిని ఇప్పటికీ గుర్రాలే లాగుతాయి కాబట్టి, విడి గడ్డి వేయడం ఈ ఇంటికి కొత్త కాదు. మధ్యలో వదిలేసింది వాము వేసే పని ఒక్కటే.

బీవర్‌స్లైడ్ ఎలా పనిచేస్తుందో చెప్పాలి. వాసాలతో కట్టిన పెద్ద జారుబల్లను ఊహించుకోండి. దాని మీద గడ్డి కిందికి జారదు, పైకి ఎక్కుతుంది. బల్ల అడుగున పళ్లున్న వెడల్పాటి బుట్ట ఉంటుంది. పొలంలోంచి తోసుకొచ్చిన గడ్డి ఆ బుట్టలో పడుతుంది. బుట్టకు కట్టిన ఉక్కు తాళ్లు బల్ల పైనున్న కప్పీల మీదుగా వెనక్కి దిగి, అడుగున మరో కప్పీ చుట్టూ తిరిగి పక్కకు వస్తాయి. ఆ కొసను గుర్రాల జట్టో ట్రాక్టరో లాగితే బుట్ట పైకి పాకుతుంది. అంచు దాటగానే గడ్డి అవతల వాము మీద పడుతుంది. యంత్రం మొత్తానికీ కదిలే భాగాలు బుట్ట, తాళ్లు, కప్పీలు. అంతే.

1908 ప్రాంతంలో ఈ లోయలోనే హెర్బర్ట్ ఆర్మిటేజ్, డేవిడ్ స్టీఫెన్స్ అనే ఇద్దరు రాంచర్లు దీన్ని తయారుచేశారు. 1910లో పేటెంటు వచ్చింది. అప్పటి పేరు ‘సన్నీ స్లోప్ స్లైడ్ స్టాకర్’. ఈ లోయ ఉన్న బీవర్‌హెడ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు మీద జనం దాన్ని బీవర్‌స్లైడ్ చేసేశారు. కొండల్లో దొరికే కలపతో కట్టుకోవచ్చు, విరిగితే అదే కలపతో అతుక్కోవచ్చు. ఇది పొరుగు లోయలకూ ఆ పైన ఇతర రాష్ట్రాలకూ పాకిపోవడానికి అంతకంటే వేరే కారణం అక్కర్లేదు.

జూన్ మొదటి వారాలు

యంత్రాన్ని విప్పి నేల మీద పరిచాం. అడుగున, మంచు మీద చక్రాలు లేకుండా జారే స్లెడ్జి బళ్లకు ఉన్నట్టు రెండు పొడవాటి దుంగలు ఉంటాయి. వాటి మీదే యంత్రమంతా నిలబడుతుంది, పొలంలో ఒక చోటు నుంచి మరో చోటుకు ఈడ్చుకుపోయేదీ వాటి మీదే. ఎడమ దుంగ మట్టిని తాకినంత మేరా పుచ్చిపోయింది. స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది. కుడి దుంగ మాత్రం గట్టిగానే ఉంది. జారుబల్ల పలకలు సగం పనికొస్తాయి. బుట్ట పళ్లలో నాలుగైదు విరిగాయి.

కలప ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నే రాలేదు. 2000 తర్వాత బెరడు పురుగు దాడిలో పశ్చిమ మోంటానా కొండల మీద లాడ్జ్‌పోల్ పైన్ చెట్లు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. చచ్చినా చాలా చెట్లు నిలువునే ఎండిపోయి ఉన్నాయి. అడవికి అదొక దెబ్బే. మా పనికి మాత్రం వంకర లేకుండా, తడి లేకుండా, నిలువునా ఆరిన వాసం దొరికింది. పచ్చి వాసం వాడితే ఆరే కొద్దీ మెలితిరుగుతుంది, బోల్టులు వదులవుతాయి. కొట్టడానికి అనుమతి ఉన్న చోట పెద్దాయన ఒక్కో చెట్టు చుట్టూ తిరిగి, చేత్తో తట్టి చూసి, బెరడు మీద పగులు ఏ దిక్కుగా పోయిందో చూశారు. పగులు నిటారుగా ఉంటే వాసానికి, మెలిక తిరిగి ఉంటే పొయ్యికి. మెలిక పడ్డ చెట్టు బరువు కింద కూడా ఆ మెలిక వెంటే చీలుతుందట. విరిగిన పాత పళ్లు తీసి చూశాను. చీలిక మెలికగానే ఉంది.

బుట్ట పళ్లు ఇనుప గొట్టాలతో చేద్దామా అన్నది పెద్ద చర్చ. కూతురికి ఇనుము ఇష్టం, ఒకసారి వెల్డింగు చేస్తే పదేళ్లు చూడనక్కర్లేదు. పెద్దాయనకు కర్రే కావాలి. నేను కర్ర వైపే మొగ్గాను. గొట్టం బరువు పెరిగితే ప్రతి ఎత్తుకూ ఆ బరువును కూడా పైకి లాగాలి. కర్ర పన్ను విరిగితే సాయంత్రానికి కొత్తది చెక్కుకోవచ్చు. గొట్టం వంగితే వర్క్‌షాపు కావాలి, ఆ వర్క్‌షాపు వంద కిలోమీటర్ల దూరాన ఉంది. చివరికి కర్ర పళ్లకు కొసల్లో మాత్రం ఇనుప తొడుగులు వేశాం. నేలకు రాసుకుని అరిగేది కొసే.

జూన్ నడిమి నుంచి ఆఖరు దాకా

ఈ ప్రాజెక్టులో నేను మనసు పెట్టిన పని ఇదే: తాళ్లు, కప్పీలు.

లెక్క రాసుకున్నాను. వాము ఎత్తు ముప్పై అడుగులు, జారుబల్ల వాలు సుమారు 45 డిగ్రీలు. అంటే బల్ల పొడవు నలభై రెండు అడుగులు. ఒక్కో ఎత్తుకు గడ్డి 450 కిలోలు, బుట్ట 200 కిలోలు అనుకుందాం. 650 కిలోల బరువును ఆ వాలు మీద పట్టి ఉంచడానికే 460 కిలోల లాగుడు కావాలి. కర్ర మీద కర్ర రాసుకునే రాపిడికి మరో 140 కలపాలి. మొత్తం ఆరు వందల కిలోలు. అర అంగుళం మందం ఉన్న మంచి ఉక్కు తాడు తెగాలంటే పది టన్నులు కావాలి. కాబట్టి కాగితం మీద ఏ ప్రమాదమూ లేదు.

కానీ పెళుసైన చోటు తాడు కాదు. అడుగున తాడును పక్కకు మళ్లించే కప్పీ. తాడు దాని చుట్టూ లంబకోణంలో తిరుగుతుంది. రెండు వైపులా ఆరు వందల కిలోల లాగుడు ఉంటే, కప్పీని పట్టి ఉంచిన బోల్టు మీద పడేది ఆరు వందలు కాదు, దాదాపు ఎనిమిది వందల యాభై. అదీ మూలగా పడుతుంది. బుట్ట ఎక్కడైనా ఒక పలక అంచుకు తట్టుకుని ఆగిపోతే, ట్రాక్టరు లాగుతూనే ఉంటే, అది చూస్తుండగానే రెట్టింపవుతుంది. పాత బోల్టు తీసి చూస్తే నడుము వంగిపోయి ఉంది, దుంగలో దాని కన్నం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. ఇన్నేళ్లూ ఆ కప్పీ ఏ మోత మోసిందో ఆ కన్నమే చెబుతోంది.

అందుకని కప్పీని కర్రకు నేరుగా బిగించకుండా, దుంగకు రెండు వైపులా మందపాటి ఉక్కు పలకలు పెట్టి, వాటి మధ్య బిగించాను. లాగుడు ఇప్పుడు ఒక్క కన్నం మీద కాక నాలుగు బోల్టుల మీద పంచుకుంటుంది. ఆ మూలన యంత్రాన్నే పక్కకు ఈడ్చేసే శక్తి ఉంది కాబట్టి, ఎదురు దిక్కున నేలలోకి ఇనుప మేకులు దిగగొట్టి గొలుసుతో కట్టే ఏర్పాటు చేశాం. పాత రోజుల్లో యంత్రం బరువునే నమ్ముకునేవారట. గుర్రం మెల్లగా లాగుతుంది, బరువు తగిలితే తనే ఆగుతుంది. ట్రాక్టరుకు ఆ ఇంగితం ఉండదు.

పై కప్పీలు పోత ఇనుమువి. గాడి లోతుగా అరిగింది. పాత తాడు సన్నగా ఉండేది, అది కోసుకున్న గాడిలో కొత్త తాడు కూర్చోదు, అంచులు నొక్కి తీగలు తెంపుతుంది. పెద్ద వ్యాసం ఉన్న కొత్త కప్పీలు తెప్పించాను. ఉక్కు తాడును చిన్న కప్పీ మీద వంచితే ప్రతి మలుపులోనూ లోపలి తీగలు అలసిపోతాయి. తాడు ఆయుష్షును కప్పీ వ్యాసమే నిర్ణయిస్తుంది.

క్లాంపుల గురించి ఒక మాట, ఎందుకంటే ఇక్కడ నేను చూసిన చాలా పాత యంత్రాల మీద అవి తిరగేసి ఉన్నాయి. తాడు కొసను మడిచి బిగించే ఈ క్లాంపులో ‘యు’ ఆకారపు బోల్టు ఉంటుంది, దానికి గాళ్లు ఉన్న కూర్చునే భాగం ఉంటుంది. ఆ కూర్చునే భాగం బరువు మోసే తాడు మీద ఉండాలి. ‘యు’ బోల్టు వంపు మాత్రం మడిచిన కొస మీద పడాలి. తిరగేస్తే ‘యు’ బోల్టు బరువు మోసే తాడునే నలిపేస్తుంది. అర అంగుళం తాడుకు మూడు క్లాంపులు కావాలి. మొదటి బరువు ఎత్తాక మళ్లీ బిగించాలి, ఎందుకంటే సాగినప్పుడు తాడు సన్నబడుతుంది.

తాడును ఎప్పుడు పారేయాలో కూడా షెడ్డు తలుపు మీద సుద్దతో రాసి పెట్టాం. తాడులో పేటలు మెలిక తిరిగి ఉంటాయి కదా, ఒక పేట తాడు చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరిగే దూరంలో మొత్తం ఆరు తీగలు తెగినా, ఒకే పేటలో మూడు తెగినా ఆ తాడు అయిపోయినట్టే. చేత్తో తడిమి చూడకూడదు. గుడ్డ చుట్టి లాగితే తెగిన తీగ గుడ్డను పట్టుకుంటుంది.

జూలై మొదట్లో

పొలాలకు నీళ్లు ఆపేశారు. కొండల మంచు కరిగి వచ్చే నీటిని కాలువల్లోంచి గడ్డి మీదికి వదలడమే ఇక్కడి సేద్యం. కోతకు ముందు ఆ నీరు ఆపి నేలను ఆరనివ్వాలి, లేకపోతే యంత్రాల చక్రాలు దిగబడతాయి.

గడ్డిని తోసుకొచ్చే బక్ రేక్‌ను కూతురు సిద్ధం చేశారు. పాత ట్రక్కును తిరగేసి చేసిన యంత్రం ఇది. తిరగేయడం అంటే నిజంగానే. వెనక ఇరుసును బోర్లా తిప్పి బిగిస్తే చక్రాలు ఎదురు దిక్కున తిరుగుతాయి, డ్రైవరు సీటు వెనక్కి తిప్పి పెడతారు. ముందుకు పోయే గేర్లన్నీ ఇప్పుడు వెనక భాగం వైపు పరుగెత్తుతాయి. ఆ వెనక భాగానికి పొడవాటి కర్ర పళ్లు. బరువంతా పెద్ద చక్రాల మీదే ఉంటుంది, ముందు చక్రాలు వెనక చేరి దిశ తిప్పుతాయి. లోయలో ఎవరి చేతి పనితనం వారిది, ఒకదానిలా మరొకటి ఉండదు. మేము దీనికి చేసింది బ్రేకులు, నూనె, నాలుగు కొత్త పళ్లు.

జూలై ఆఖరు

కోత మొదలైంది.

తిమొతీ గడ్డి కంకి వేసింది, పూత ఇంకా పూర్తిగా రాలేదు. అదే సమయం. ఇంకా ఆగితే కాడ ముదిరి చెక్కలా అవుతుంది, ఆవు తింటుంది కానీ ఒంటికి పట్టదు. మన వైపు గడ్డివాము అంటే గింజ రాల్చుకున్న వరిగడ్డి, అందులో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. ఇక్కడ వాములోకి పోయేది గింజ కట్టకముందే కోసి ఎండబెట్టిన పచ్చిక. మంచి కోతైతే అందులో ఎనిమిది తొమ్మిది శాతం ఉంటుంది. మంచులో నిలబడి, కడుపులో దూడను మోసే ఆవుకు ఆ తేడాయే బలం. అందుకే ఎండబెట్టడం మీద ఇక్కడ ఇంత పట్టింపు.

రాత్రి మంచు ఆరేదాకా ఎవరూ గడ్డి ముట్టుకోరు. పది దాటాక దంతె తిరుగుతుంది, కోసిన గడ్డిని వరుసలుగా చేరుస్తుంది. గుప్పెడు గడ్డి తీసి తాడులా మెలిపెట్టడం పెద్దాయన పరీక్ష. కాడలు చిట్లాలి, కణుపుల దగ్గర చెమ్మ తగలకూడదు. నా దగ్గర తేమ కొలిచే మీటరు ఉంది. విడి గడ్డికి ఇరవై శాతం దగ్గర ఉంటే నేను సరే అంటాను. ఆయన చెయ్యి, నా మీటరు దాదాపు ఎప్పుడూ ఒకే మాట చెప్పాయి. పల్లంలో రెల్లులా పెరిగే తుంగ ఉన్న చోట మాత్రం ఆయన చెయ్యి ముందే పసిగట్టింది. తుంగ పైకి ఎండినట్టు కనిపించి లోపల తడి దాచుకుంటుంది.

మొదటి బుట్ట ఎత్తే ముందు నియమాలు చెప్పుకున్నాం. తాడు మళ్లే కప్పీ దగ్గర తాడు రెండు భుజాల మధ్య ఒక మూల ఏర్పడుతుంది. ఆ మూల లోపల ఎవరూ నిలబడకూడదు. కప్పీ ఊడితే తాడు ఆ మూలలోంచే కత్తిలా వస్తుంది. వాము మీద ఉన్న మనిషి చెయ్యి ఎత్తితేనే ట్రాక్టరు కదలాలి, చెయ్యి దించితే ఆగాలి. ఆ మనిషి కనబడకపోతే ఆగినట్టే లెక్క. కేకలు పనికిరావు, ఇంజిను మోతలో వినబడవు.

బక్ రేక్ వచ్చి, గడ్డిని బుట్టలోకి తోసి, పళ్లు విడిపించుకుని వెనక్కి పోయింది. పైనుంచి చెయ్యి లేచింది. ట్రాక్టరు కదిలింది. కర్ర మీద కర్ర రాసుకుంటూ కిర్రుమంటూ, గడ్డి కుప్ప ఒక్క ముక్కగా బల్ల మీదికి పాకింది. సగం దూరంలో ఒక పలక అంచు దగ్గర వణికి, దాటింది. అంచు చేరగానే బుట్ట ముందుకు వంగి, అంత గడ్డీ ఒక్కసారిగా అవతల పడింది. అందరం అరిచాం. పెద్దాయన అరవలేదు. బుట్ట దిగే వేగం చూస్తున్నారు. ట్రాక్టరును తొందరగా వెనక్కి పోనిస్తే బుట్ట దూకుతుంది, తాళ్లు వదులై కప్పీ గాడిలోంచి తప్పుకుంటాయి. ఎక్కడం కంటే దిగడం నెమ్మదిగా జరగాలి.

సాయంత్రం క్లాంపులు మళ్లీ బిగించాను. మూడింటిలో ప్రతి నట్టూ ఒక చుట్టులో పావు వంతు తిరిగింది.

ఆగస్టు మొదటి సగం

యంత్రం గురించి ఇక రాయడానికి ఎక్కువ లేదు, అది చెప్పినట్టు వింటోంది. రాయవలసింది వాము మీద జరిగే పని గురించి.

కింద నుంచి చూస్తే గడ్డి పైన పడుతుంది, ఇద్దరు మనుషులు పంగలకర్రలతో అటూ ఇటూ జరుపుతారు. పైకి ఎక్కాకే తెలుస్తుంది. గడ్డి పడేది ఎప్పుడూ జారుబల్ల వైపు అంచుకు దగ్గరగా. పడ్డ చోటే వదిలేస్తే ఆ పక్క గట్టిగా, అవతలి పక్క గుల్లగా తయారవుతుంది. నెల తిరిగేసరికి వాము గుల్ల వైపు ఒరుగుతుంది. వెనక అడ్డు తడక, రెండు పక్కల రెక్కలు ఉన్నాయి. ఇవి గడ్డి జారిపోకుండా పట్టుకుంటాయి, గోడలు నిటారుగా లేస్తాయి. కానీ లోపల ఏం జరుగుతోందో తడకలు చూడవు.

“నడుము నింపు, నడుము తొక్కు, అంచుల్ని పట్టించుకోకు.” పెద్దాయన నాకు మొదటి రోజు నుంచి చెప్పింది ఇదే. ప్రతి బుట్టనూ ముందు మధ్యకు లాగాలి, మధ్యలో నడవాలి. అంచుల్లో గడ్డి వదులుగా ఉండనివ్వాలి. వాము దిగబడే కొద్దీ గట్టిగా ఉన్న నడుము తక్కువ కుంగుతుంది, వదులుగా ఉన్న అంచులు ఎక్కువ కుంగుతాయి. పొరలన్నీ బయటి వైపుకు వాలుతాయి. అప్పుడు వాన పడినా, కరిగిన మంచు ఇంకినా నీరు పొర వెంట బయటికే జారిపోతుంది. నడుము గుల్లగా ఉంటే అంతా తలకిందులవుతుంది, వాము గిన్నెలా మారి నీటిని లోపలికి పట్టుకుంటుంది. తాటాకు కప్పు ఎలా నీటిని దొర్లిస్తుందో మనకు తెలిసిందే. ఇక్కడ కప్పు వేరే లేదు, వామే కప్పు. పైన ప్లాస్టిక్ పట్టా లేకుండా ఒక మంచి వాము రెండు మూడేళ్లు నిలుస్తుంది. గడ్డి తక్కువ పండిన ఏడాదికి అదే ఆసరా.

ఎనభై దాటిన మనిషిని ముప్పై అడుగుల ఎత్తుకు ఎక్కనివ్వడం గురించి ఇంట్లో చర్చ జరిగింది. కూతురి మాటే నెగ్గింది. ఆయన కింద కుర్చీ వేసుకుని, మెక్సికో నుంచి సీజను పనికి వచ్చిన కుర్రాడికీ నాకూ కర్రతో సైగలు చేశారు. ఎడమ మూల పల్చబడుతోందని ఆయన కింద నుంచే చెప్పేవారు. పైన ఉన్న మాకు కాళ్ల కింద గడ్డి తప్ప ఏమీ కనబడదు. ఆ కుర్రాడు మూడో వాముకే పని పట్టుకున్నాడు, బుట్ట ఒరిగే లోపే తన చోటు మార్చుకునేవాడు. నాకంటే అతని నడుము గట్టిగా కూర్చుంటుందని ఒప్పుకోవడానికి నాకేమీ కష్టంగా లేదు, సంతోషంగానే ఉంది. ఈ పని ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి పోతేనే నిలుస్తుంది.

మధ్యలో వాన వచ్చింది. వరుసల్లో ఉన్న గడ్డి తడిసింది, తిరగేసి ఆరబెట్టాం. సగంలో ఉన్న వాము తల వెంటనే గుండ్రంగా కట్టి వదిలేశాం. వాన వెలిశాక పై జానెడు పొర తీసి ఎండబెట్టి, ఆ కింద చెయ్యి పెట్టి చూస్తే పొడిగా ఉంది.

పొడవాటి థర్మామీటరు కడ్డీతో వాముల నడుముల్లో వేడి చూస్తున్నాను. కొత్త గడ్డి కొంత వేడెక్కడం సహజం. 65 డిగ్రీల సెల్సియస్ దాటితే రోజూ చూడాలి, 80 దగ్గరకు వస్తే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. తుంగ ఎక్కువ పడిన వాము ఒకటి మిగతా వాటి కంటే వేడిగా ఉంది, కానీ హద్దు దాటలేదు. వారం తిరిగేసరికి దిగింది.

ఆగస్టు ఆఖరు

వాము పూర్తవగానే తడకలు విప్పి, రెక్కలు తెరిచి, యంత్రాన్ని ముందుకు ఈడ్చేస్తే వాము అక్కడే ఒంటరిగా నిలబడుతుంది. యంత్రం తర్వాతి చోటుకు పోతుంది. ఎడమ వైపు కొత్త దుంగ బాగా జారుతోంది. రాళ్ల మీద అడుగు భాగం అప్పుడే అరుగుతోంది, అది ముందే అనుకున్నదే.

ఖర్చు సంగతి కూతురితో కూర్చుని మాట్లాడాను. 1971లో వెర్మీర్ కంపెనీ పెద్ద గుండ్రటి మోపులు కట్టే బేలరు తెచ్చింది. ఇలాంటి బేలర్లు వచ్చాక ఒక్క మనిషి ట్రాక్టరు మీద కూర్చుని గడ్డంతా చుట్టేయగలుగుతున్నాడు. మాకు కోసేవారు, దంతె తోలేవారు, బక్ రేక్ తోలేవారు, ట్రాక్టరు మీద ఒకరు, వాము మీద ఇద్దరు. అంతమందికి కూలి, భోజనం. మనుషులు దొరకని చోట ఈ యంత్రం పనికిరాదు, అది దాచనక్కర్లేదు. కానీ బేలరు కొనాలంటే అప్పు. ఒక బేరింగు కాలితే కోతల మధ్యలో రోజుల తరబడి ఆగడం. పైగా మోపు చుట్టూ చుట్టే ప్లాస్టిక్ వల. చలికి గడ్డ కట్టుకుపోయిన వల మోపు నుంచి పూర్తిగా ఊడి రాదు, ముక్కలు మేతతోపాటు ఆవు కడుపులోకి పోతాయి. అక్కడ అరగవు, బయటికి పోవు, పేరుకుపోతాయి. విడి గడ్డికి కట్టే లేదు, విప్పేదీ లేదు. నా అభిప్రాయం ఇది: మనుషులూ గుర్రాలూ ఇంకా ఉన్న ఇలాంటి చిన్న రాంచ్‌కు బీవర్‌స్లైడే చవక. వేల ఎకరాలవారికి కాదు. కూతురు మాత్రం సగం గడ్డిని వాములు వేయిస్తానని, మిగతా సగం మోపులు కట్టే పని బయటివారికి ఇస్తానని అన్నారు. లెక్క ఆమెది. నేను ఎదురు చెప్పలేదు.

వాముల చుట్టూ వాసాల కంచె కట్టాం. చలికాలం ఎల్క్ జింకలు మందలుగా దిగుతాయి. ఒక్క రాత్రిలో వాము పక్కలు తినేసి, తొక్కేసి, బొరియలు చేసి పోతాయి. కంచె ఆవుల కోసం అనుకున్నాను, ముందు ఎల్క్ కోసమట.

డీర్ లాడ్జ్‌లో గ్రాంట్-కోర్స్ రాంచ్ ఉంది, పాత పశువుల రాంచ్‌ను జాతీయ చారిత్రక స్థలంగా కాపాడుతున్నారు. అక్కడ బీవర్‌స్లైడ్‌ను చూడవచ్చు. ఇటువైపు వచ్చేవారు తప్పకుండా చూడండి, ముఖ్యంగా పై కప్పీల అమరిక.

జనవరి

మేత మొదలై చాలా రోజులైంది. ఇవాళ నేను కూడా స్లెడ్జి మీద వెళ్లాను. ఇక్కడ రాత్రి మైనస్ 40కి దిగడం కొత్త కాదు. ఆ అంకె దగ్గర సెల్సియస్ అయినా ఫారెన్‌హీట్ అయినా ఒకటే. అలాంటి పొద్దున ఇంజిన్లు మొరాయిస్తాయి, గుర్రాలు ఆవిర్లు కక్కుతూ నడుస్తాయి.

లెక్క మళ్లీ చూసుకున్నాను. పెద్ద వాములో ఇరవై టన్నులు, అంటే ఇక్కడి టన్నులో పద్దెనిమిది వేల కిలోలు. ఆవు రోజుకు పన్నెండు, పదమూడు కిలోలు తింటుంది. రెండు వందల ఆవులకు ఒక వాము వారం రోజులు.

వామును పొడవాటి గడ్డి కత్తితో నిలువునా కోసి, ఒక పక్క నుంచి తీసుకుంటూ వస్తున్నాం. కోసిన ముఖం చూస్తే వేసవి మొత్తం పొరలు పొరలుగా కనిపిస్తుంది. వాన తగిలిన పొర సన్నటి గోధుమరంగు గీత. మిగతాదంతా పచ్చగా ఉంది, తీయటి వాసన వేస్తోంది. పైన నాలుగు వేళ్ల మందం నల్లబడిన తోలు, ఆ కింద బూజు లేదు. పొరలు బయటికే వాలి ఉన్నాయి. నేను తొక్కిన వాము, ఆ కుర్రాడు తొక్కిన వాము రెండూ తెరిచాం. అతని వాములో తోలు ఇంకా పల్చగా ఉంది. పెద్దాయన రెండు ముఖాలనూ చూసి, గుప్పెడు గడ్డి మెలిపెట్టి, “ఇది మేత” అన్నారు.

వచ్చే ఏడాదికి పనులు రాసుకున్నాను. దుంగల అడుగున మార్చుకోవడానికి వీలైన పలకలు బిగించాలి, రాళ్లకు అరిగేది అవే అరగాలి. సగం దూరంలో బుట్ట వణికిన చోట పలక అంచు చిత్రిక పట్టాలి. తాళ్లకు నూనె పట్టించి షెడ్డులో చుట్టి ఉంచాం, మేలో గుడ్డతో తుడిచి చూడాలి. కుర్రాడు మళ్లీ వస్తానన్నాడు, వీసా కాగితాలు కూతురు ఈ నెలలోనే పంపుతున్నారు. మంచు గట్టిపడ్డాక దుంగలను స్లెడ్జి మీద లాక్కురావడం తేలిక కాబట్టి, ఫిబ్రవరిలో ఇంకో నాలుగు చెట్లు కొట్టాలి. ఏవో పెద్దాయన ఇప్పటికే గుర్తు పెట్టి వచ్చారు.